పాత ఫోన్ మొరాయిస్తే లోపం ఎక్కడ వెతకాలి

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి దగ్గరైనా, విజయనగరంలో గంటస్తంభం చుట్టుపక్కలైనా, సెల్ రిపేరు షాపు ముందు కాసేపు నిలబడితే వినిపించే ఫిర్యాదులు నాలుగైదే. ఛార్జింగ్ నిలవడం లేదు. హ్యాంగ్ అయిపోతోంది. సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి కానీ కాల్ కలవదు. మేం మాట్లాడేది అవతలివాళ్లకి వినపడదు. చివర్లో అందరూ అనే మాట ఒకటుంది: "ఏటయిందో తెలీదు బాబూ, నిన్నటిదాకా బాగానే ఉంది."

ఫిర్యాదులు తక్కువే, వాటి వెనకున్న కారణాలు మాత్రం చాలా. ఒకే లక్షణం రకరకాల లోపాల వల్ల రావచ్చు. బ్యాటరీ అరిగితే ఫోన్ నెమ్మదిస్తుంది, మనం మెమరీ నిండిందనుకుంటాం. ఫోన్లో తేదీ తప్పితే వాట్సాప్ ఆగిపోతుంది, నెట్ రావడం లేదనుకుంటాం. సరిహద్దు ఊళ్లలో ఒడిశా టవర్ తగిలితే డేటా ఆగిపోతుంది, సిమ్ పోయిందనుకుంటాం. కారణం తెలియకుండా డబ్బు పెడితే డబ్బూ పోతుంది, లోపమూ అలాగే ఉంటుంది.

మన దగ్గర ఇది చిన్న విషయం కాదు. పిల్లలు హైదరాబాద్‌లోనో, చెన్నైలోనో, గల్ఫ్‌లోనో పనిచేస్తుంటే, ఊళ్లో అమ్మానాన్నల చేతిలో ఉండేది చాలాసార్లు ఆ పిల్లలు వాడి ఇచ్చిన ఐదారేళ్ల ఫోనే. బ్యాంకు ఓటీపీ దానికే వస్తుంది, గ్యాస్ బుకింగ్ దాన్నుంచే, రాత్రి మనవరాలి ముఖం కనిపించేదీ అందులోనే. అది ఆగిపోతే ఆ ఇంటికి నిజంగా టెన్షనే. అందుకే షాపుకి వెళ్లే ముందు ఇంట్లోనే ఎంతవరకు తేల్చుకోవచ్చో కాస్త వివరంగా చెప్తాను.

పద్ధతి ఒకటే. ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడాలి. ఛార్జరు మార్చినప్పుడు కేబుల్ పాతదే ఉంచాలి. సిగ్నల్ అనుమానమైతే మన సిమ్ వేరే ఫోన్లో వేసి చూడాలి, తర్వాత వేరే సిమ్ మన ఫోన్లో వేసి చూడాలి. రెండూ ఒకేసారి మార్చేస్తే ఏది బాగుచేసిందో తెలీదు. చాలా రిపేర్లు దారి తప్పేది ఇక్కడే.

ముప్పై శాతం చూపిస్తూనే ఆరిపోయే ఫోన్

పాత ఫోన్లలో ఎక్కువమందిని తికమక పెట్టేది ఇదే. ఛార్జింగ్ 30 శాతం ఉంటుంది. వీడియో కాల్ ఎత్తగానే, లేదా కెమెరా తెరవగానే, తెర నల్లబడుతుంది. ఛార్జరు పెట్టి ఆన్ చేస్తే మళ్లీ 28 శాతం అంటుంది. ఇది చూసి బోర్డు పోయిందేమో అనుకుంటారు. అలా చెప్పి వేలు వసూలు చేసేవాళ్లూ ఉన్నారు.

అసలు జరిగేది వేరు. లిథియం అయాన్ బ్యాటరీ నిండినప్పుడు దాదాపు 4.2 వోల్టులు ఉంటుంది, కొన్ని ఫోన్లలో ఇంకాస్త ఎక్కువ. వాడేకొద్దీ ఆ వోల్టేజి తగ్గుతూ వస్తుంది, ఒక హద్దు కంటే కిందికి దిగితే ఫోన్ తనను తాను ఆపేసుకుంటుంది. బ్యాటరీ ముసలిదయ్యేకొద్దీ లోపల కరెంటు ప్రవాహానికి అడ్డు పెరుగుతుంది. ట్యాంకులో నీళ్లున్నా పాచి పట్టిన గొట్టంలోంచి ధార రానట్టే, లోపల శక్తి ఉన్నా ఒక్కసారిగా ఎక్కువ అడిగితే అది ఇవ్వలేదు. కెమెరా, వీడియో కాల్, ఫుల్ బ్రైట్‌నెస్ ఒక్కసారిగా ఎక్కువ అడుగుతాయి. ఆ క్షణంలో వోల్టేజి గభాలున పడిపోతుంది, ఫోన్ ఆరిపోతుంది. తేలికపాటి పనులకు బాగానే ఉండి బరువైన పనికి ఆరిపోతోందంటే ముందు అనుమానించాల్సింది బ్యాటరీనే.

ఫోన్ నెమ్మదించడానికీ ఇదే కారణం కావచ్చు. 2017 డిసెంబర్‌లో యాపిల్ కంపెనీ ఈ సంగతి బయటికి ఒప్పుకుంది. బ్యాటరీ అరిగిన ఐఫోన్ 6, 6ఎస్, ఎస్‌ఈ, 7 మోడళ్లు హఠాత్తుగా ఆరిపోకుండా సాఫ్ట్‌వేర్ ద్వారా వేగం తగ్గించామని చెప్పింది. అలాంటి ఫోన్లలో కొత్త బ్యాటరీ వేస్తే పాత వేగం తిరిగొచ్చింది.

బ్యాటరీ ఆయుష్షుని ఏళ్లకన్నా ఎక్కువగా ఛార్జింగ్ చక్రాల్లో లెక్కేస్తారు. పూర్తిగా నింపి, అంతా వాడేస్తే ఒక చక్రం. ఐఫోన్ 14 వరకు వచ్చిన మోడళ్లకు యాపిల్ చెప్పే లెక్క 500 పూర్తి చక్రాలు. ఆ తర్వాత అసలు సామర్థ్యంలో 80 శాతం మిగిలేలా తయారుచేశామంటుంది. రోజుకో పూర్తి ఛార్జింగ్ అనుకుంటే ఏడాదిన్నరలో అయిపోతుంది. ఐదేళ్ల ఫోన్‌కి బ్యాటరీ అరిగిందంటే అందులో వాడినవాళ్ల తప్పేం లేదు.

వేడి మాత్రం మన చేతిలో ఉంది. 45 డిగ్రీలు దాటిన బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టడం దాని ఆయుష్షుని గబగబా తినేస్తుంది. మే నెలలో రేకుల ఇంట్లో తలగడ కింద పెట్టి ఛార్జ్ చేయడం, ఆటో అద్దం దగ్గర ఎండలో వదిలేయడం, ఛార్జింగ్‌లో ఉంచే గంటలకొద్దీ వీడియోలు చూడడం, ఈ మూడూ మానేస్తే చాలు.

బ్యాటరీ నిజంగా అరిగిందా, లేక ఇంకేదైనా దాన్ని తాగేస్తోందా అని తేల్చుకోవడానికి ఓ సులువైన పరీక్ష ఉంది. రాత్రి పడుకునే ముందు ఫుల్ ఛార్జ్ చేసి, ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, పొద్దున్న చూడండి. రెండు మూడు శాతమే తగ్గితే బ్యాటరీ ఛార్జింగ్ నిలుపుకుంటోందని అర్థం. మర్నాడు రాత్రి అదే చోట ఫ్లైట్ మోడ్ తీసేసి అలాగే వదిలేయండి. ఈసారి బాగా తగ్గిపోతే తాగుతున్నది సిగ్నల్, లేదా వెనకాల నెట్ వాడే యాప్‌లు. రెండు రాత్రులూ బాగా తగ్గితే బ్యాటరీ మార్చే వేళయింది.

సిగ్నల్ బ్యాటరీని తాగడం చాలామందికి తెలీదు. టవర్ దూరమయ్యేకొద్దీ ఫోన్ గట్టిగా అరవాల్సి వస్తుంది. 2జీలో అది రెండు వాట్ల దాకా శక్తితో సిగ్నల్ పంపగలదు. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండల వైపు వెళ్లినరోజు మధ్యాహ్నానికే ఛార్జింగ్ అయిపోయి, టౌన్‌కి వచ్చాక మామూలుగా ఉంటే, బ్యాటరీ మార్చుకోవాల్సిన పని లేదు. సిగ్నల్ లేని చోట ఫ్లైట్ మోడ్‌లో పెట్టుకుంటే సరిపోతుంది.

బ్యాటరీ ఉబ్బితే మాత్రం పరీక్షలేవీ వద్దు. వెనక మూత లేస్తున్నా, తెర ఓ పక్క పైకి వస్తున్నా, బల్ల మీద పెడితే ఫోన్ గుండ్రంగా తిరుగుతున్నా లోపల వాయువు చేరుతోందన్నమాట. వెంటనే ఆఫ్ చేయాలి, ఛార్జ్ చేయకూడదు, నొక్కకూడదు, పొడవకూడదు, చెత్తబుట్టలో పడేయకూడదు. పెద్ద కంపెనీలకూ ఈ ప్రమాదం తప్పలేదు. 2007 ఆగస్టులో నోకియా 4 కోట్ల 60 లక్షల బీఎల్-5సీ బ్యాటరీల విషయంలో హెచ్చరించి మార్చి ఇస్తామంది. 2016లో సామ్‌సంగ్ గెలాక్సీ నోట్ 7ను మొత్తంగా వెనక్కి తీసుకుంది. కొత్త బ్యాటరీ కొనేటప్పుడు బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని పక్కన ఐఎస్ 16046 అనే ప్రమాణం, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూడండి. పాత బ్యాటరీ సైజులోనే ఉండి సామర్థ్యం రెట్టింపని రాసుంటే అది అబద్ధం.

ఛార్జింగ్ ఎక్కకపోతే

ముందు కేబుల్, తర్వాత ఛార్జరు, ఆ తర్వాతే ఫోన్. పాత మైక్రో యూఎస్‌బీ ఫోన్లలో పట్టుకునే కొక్కేలు కేబుల్ వైపే ఉంటాయి. అరగాల్సివస్తే తేలిగ్గా మార్చగలిగేదే అరగాలని అలా తయారుచేశారు. కేబుల్ వంచి పట్టుకుంటేనే ఛార్జ్ ఎక్కుతోందంటే ముందు కొత్త కేబుల్ కొనండి, ఖర్చు తక్కువ.

కేబుల్ పూర్తిగా లోపలికి దిగడం లేదంటే పోర్టులో దుమ్ము గట్టిపడి ఉంటుంది. చొక్కా జేబుల్లో నూలు పీచు, రైస్ మిల్లుల్లో ఊక ధూళి, జూట్ మిల్లుల్లో పనిచేసేవాళ్లకైతే జనపనార. టార్చి వేసి చూస్తే కనబడుతుంది. ఫోన్ ఆఫ్ చేసి, సన్నని చెక్క పుల్లతో నెమ్మదిగా పెకలించాలి. పిన్నీసు వాడొద్దు, లోపలి పిన్నులు వంగితే అప్పుడు నిజంగానే రిపేరు కావాలి.

భావనపాడు, కళింగపట్నం, బారువ, ఇటు చింతపల్లి తీరంలో ఉండేవాళ్లకి ఇంకో బెడద ఉంది. ఉప్పు గాలికి పోర్టులోని లోహం తుప్పు పడుతుంది. పిన్నుల మీద పచ్చటి పొర కనిపిస్తే అదే. షాపుల్లో ఐపీఏ అనే ఆల్కహాల్‌తో శుభ్రం చేస్తారు, మొదట్లోనే చూపిస్తే చాలాసార్లు బాగవుతుంది.

ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు మాత్రమే తెర తనంతట తాను నొక్కుకుంటోందా? టచ్ పోలేదు. చవక ఛార్జరు సరిగ్గా వడగట్టని కరెంటు తెరను గందరగోళపెడుతోంది. ఛార్జరు మార్చండి.

హ్యాంగ్ అవడం వెనక ఉన్న మెమరీ లెక్క

16 జీబీ ఫోన్లో పెద్ద భాగం సిస్టమే తీసుకుంటుంది. మిగిలినదాంట్లోకి పొద్దున్నే వచ్చే శుభోదయం బొమ్మలు, పెళ్లి వీడియోలు, వార్డు గ్రూపు ఫార్వర్డులు చేరతాయి. ఫోన్ మెమరీకి ఒక స్వభావం ఉంది: రాసిన చోటే మళ్లీ నేరుగా రాయలేదు, ముందు ఒక పెద్ద గడి మొత్తం చెరిపి తర్వాత రాయాలి. ఖాళీ ఉన్నంతకాలం ఆ చెరిపే పని వెనకాల నిశ్శబ్దంగా జరిగిపోతుంది. నిండిపోయాక చిన్న మెసేజ్ రాయాలన్నా ముందు ఉన్నవాటిని సర్ది, చెరిపి, చోటు చేసుకోవాలి. ఆ ఆలస్యమే మనకి హ్యాంగ్‌లా కనిపిస్తుంది. పదిహేను శాతం ఖాళీ ఉంచితే తేడా ఆ రోజే తెలుస్తుంది.

వాట్సాప్ సెట్టింగుల్లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్ తెరిస్తే ఏ గ్రూపు ఎంత మింగిందో వరసగా చూపిస్తుంది. అక్కడి నుంచే తీసేయండి. ఆటో డౌన్‌లోడ్ ఆపేయండి. క్లీనర్ యాప్‌లు మాత్రం వేయొద్దు. అవి శుభ్రం చేసేదానికన్నా ప్రకటనలు చూపించి, వెనకాల నడుస్తూ ఉన్న కాస్త ర్యామ్ తినేదే ఎక్కువ.

ఏదీ తెరవకుండానే ప్రకటనలు వస్తుంటే ఫోన్‌ను సేఫ్ మోడ్‌లో తెరవాలి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ బటన్ నొక్కి, తెర మీద వచ్చే పవర్ ఆఫ్ మాటను అదిమి పట్టుకుంటే సేఫ్ మోడ్ అడుగుతుంది. అందులో మనం వేసుకున్న యాప్‌లేవీ నడవవు. అక్కడ ఫోన్ చక్కగా ఉంటే దోషం ఏదో ఒక యాప్‌ది. ఈమధ్య వేసినవాటిని ఒక్కొక్కటే తీసి చూడాలి.

నెట్ ఉంది, వాట్సాప్ రాదు

పూర్తిగా డిశ్చార్జ్ అయి చాలాసేపు పడున్న పాత ఫోన్లలో గడియారం వెనక్కి వెళ్లిపోతుంది. కొన్ని ఏకంగా 1970 జనవరి 1 చూపిస్తాయి. నెట్‌లో ప్రతి సురక్షిత సైటుకీ, యాప్‌కీ ఒక గుర్తింపు పత్రం ఉంటుంది, దానికి చెల్లుబాటు తేదీలుంటాయి. ఫోన్ దృష్టిలో ఆ పత్రం ఇంకా పుట్టనే లేదు, కాబట్టి కనెక్షన్ వద్దంటుంది. తేదీ, సమయం ఆటోమేటిక్‌గా పెట్టగానే అన్నీ లేచి కూర్చుంటాయి. పైసా ఖర్చు లేని మరమ్మతు ఇది, అందుకే అన్నిటికన్నా ముందు చూడాలి.

తేదీ సరిగ్గానే ఉన్నా కొన్ని సైట్లు తెరుచుకోకపోతే ఆండ్రాయిడ్ వెర్షన్ చూడండి. లోకంలో కోట్ల సైట్లకి లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా గుర్తింపు పత్రాలిస్తుంది. ఆ పత్రాలు అసలైనవని నమ్మాలంటే ఫోన్‌కి ఆ సంస్థ సొంత మూలపత్రం ముందే తెలిసి ఉండాలి, 7.1.1 కంటే పాత ఆండ్రాయిడ్‌కి అది తెలీదు. 2024 దాకా ఒక తాత్కాలిక ఏర్పాటుతో నెట్టుకొచ్చారు, తర్వాత అదీ అయిపోయింది. వాట్సాప్ కూడా 2023 అక్టోబర్ 24 నుంచి ఆండ్రాయిడ్ 5.0, ఆపై వెర్షన్లకే పనిచేస్తానంది. ఇలాంటి చోట రీసెట్ చేసినా, షాపులో సాఫ్ట్‌వేర్ కొట్టించినా లాభం లేదు.

సిగ్నల్ తగువులు

జియో 2016 సెప్టెంబర్ 5న వచ్చింది. దానికి 2జీ, 3జీ లేవు, మాటలు కూడా 4జీ మీదే వెళ్తాయి. దాన్ని వోల్టీ అంటారు. 4జీ ఉండి వోల్టీ లేని పాత ఫోన్లో జియో సిమ్ వేస్తే నెట్ వస్తుంది, మామూలు కాల్ వెళ్లదు. ఫోన్ చెడిపోలేదు, ఆ రెండింటికీ జత కుదరలేదంతే. 3జీ వరకే ఉన్న ఫోన్లది ఇంకో కథ. ఎయిర్‌టెల్, వీఐ 3జీని మూసేయడంతో అవి 2జీకి జారిపోయాయి, కాల్స్ బాగానే ఉంటాయి, నెట్ పాకుతుంది.

బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీని 2025 సెప్టెంబర్ 27న ఒడిశాలోని ఝార్సుగూడలో ప్రారంభించారు, 97,500కు పైగా టవర్లతో. ఊళ్లో 4జీ వచ్చిందంటారు, మన ఫోన్లో మాత్రం రాదు. అప్పుడు చూడాల్సినవి రెండు. సిమ్ పాత 2జీ, 3జీ కాలానిదైతే మార్పించుకోవాలి. ఆ తర్వాత బ్యాండ్, అంటే సిగ్నల్ వచ్చే తరంగాల వరస. బీఎస్ఎన్ఎల్ 4జీకి 700 మెగాహెర్ట్జ్ కూడా వాడుతుంది. అంటే బ్యాండ్ 28. చాలా పాత 4జీ ఫోన్లలో ఆ బ్యాండే ఉండదు. ఫోన్ మోడల్ పేరుతో వెతికితే ఏయే బ్యాండ్లు ఉన్నాయో తెలుస్తుంది. అది లేకపోతే టవర్ కింద నిలబడ్డా ఆ సిగ్నల్ అందదు.

సరిహద్దులో ఉండేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి. ఇచ్ఛాపురంలోనో, పర్లాకిమిడి పక్కనే ఉన్న పాతపట్నంలోనో ఫోన్ ఒడిశా సర్కిల్ (టెలికాం కంపెనీల లెక్కలో వేరే ప్రాంతం) టవర్ పట్టుకుంటుంది. కొన్ని ఫోన్లు దాన్ని రోమింగ్‌గా లెక్కేస్తాయి, గీతల పక్కన ఆర్ అనే అక్షరం వస్తుంది. సెట్టింగుల్లో డేటా రోమింగ్ ఆఫ్‌లో ఉంటే నెట్ టక్కున ఆగిపోతుంది. సిమ్ మార్చే ముందు ఆ ఒక్క మీట చూడండి.

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి జనం పోటెత్తిన రోజు విజయనగరంలో గీతలన్నీ నిండుగా ఉండి కూడా కాల్ కలవకపోవడం చాలామందికి అనుభవమే. గీతలు చెప్పేది టవర్ ఎంత గట్టిగా వినిపిస్తోందో, దానికి ఖాళీ ఉందో లేదో కాదు. అలాంటి చోట మెసేజ్ పెట్టి ఊరుకోవడం మేలు.

మాట వినపడకపోతే

మీ మాట వాళ్లకి వినపడకపోతే వాయిస్ రికార్డర్‌లో మాట్లాడి విని చూడండి, తర్వాత కాల్‌లో స్పీకర్ పెట్టి మాట్లాడండి. చాలా ఫోన్లలో రెండు మైకులుంటాయి. రికార్డింగ్‌లో మీ గొంతు సరిగ్గా రాక, స్పీకర్ పెట్టినప్పుడు మాత్రం వాళ్లకి బాగా వినబడితే కింది మైకు రంధ్రం మూసుకుపోయిందని అనుమానించాలి. వాళ్ల మాట మీకు సన్నగా వస్తుంటే చెవి దగ్గరి జాలీలో జిడ్డు, దుమ్ము. ఆరిన మెత్తటి టూత్‌బ్రష్ చాలు. కాల్ ఎత్తగానే తెర నల్లబడి ఇక వెలగడం లేదంటే ఫోన్ చెవి దగ్గరుందో లేదో కనిపెట్టే పైనున్న సెన్సర్‌కి స్క్రీన్ గార్డ్ అడ్డొస్తోంది, లేదా మురికి పట్టింది.

నీళ్లలో పడితే ఆఫ్ చేయాలి, సిమ్ తీయాలి, ఛార్జింగ్ పెట్టకూడదు. బియ్యంలో పెట్టడం వద్దు. బియ్యపు నలుసులు లోపలికి పోయి ఇంకా పాడుచేస్తాయని యాపిల్ కూడా తన సూచనల్లో రాసింది. సముద్రపు నీరైతే ఒక్క రోజు కూడా ఆగకుండా షాపులో విప్పించాలి. ఉప్పు నీటిలో కరెంటు పారితే బోర్డు మీది రాగి గీతలు కరిగిపోతాయి.

రీసెట్ కొట్టే ముందు

ఇది మాత్రం దయచేసి జాగ్రత్తగా చదవండి. అన్నీ అయ్యాక ఎవరో ఒకరు "రీసెట్ కొట్టేద్దాం" అంటారు, అంటే ఫోన్లో ఉన్నవన్నీ చెరిపేసి కొత్తదానిలా చేయడం. ఆండ్రాయిడ్ 5.1 నుంచి ఒక తాళం ఉంది. సెట్టింగుల్లోకి వెళ్లలేక బటన్లు నొక్కి రీసెట్ చేసిన ఫోన్, మళ్లీ తెరుచుకునేటప్పుడు అంతకుముందున్న జీమెయిల్, పాస్‌వర్డ్ అడుగుతుంది. దొంగల కోసం పెట్టిన ఏర్పాటిది, తగులుతున్నది మన పెద్దవాళ్లకి. ఎందుకంటే వాళ్ల ఫోన్ కొన్నరోజు జీమెయిల్ తయారుచేసింది షాపు కుర్రాడు. పేరేదో పెట్టాడు, పాస్‌వర్డ్ ఏదో కొట్టాడు, ఎవరూ రాసుకోలేదు. రీసెట్ అయ్యాక ఫోన్ తాళం పడిపోతుంది. కాంటాక్టులు, ఫోటోలు, వాట్సాప్ బ్యాకప్ అన్నీ ఆ ఖాతాకే ముడిపడి ఉంటాయి. పోయిన మనిషి ఆఖరి ఫోటోలు, గొంతు ఇలా చిక్కుకుపోయిన ఇళ్లున్నాయి.

ఫోన్ పనిచేస్తున్న రోజునే సెట్టింగుల్లో అకౌంట్స్ తెరిచి ఏ జీమెయిల్ ఉందో చూడండి. దానికి ఇంటివాళ్ల ఫోన్ నంబరు జతచేసి, పాస్‌వర్డ్ మార్చి, ఇంట్లో పుస్తకంలో రాసి పెట్టండి. పండక్కి ఊరొచ్చినప్పుడు అమ్మానాన్నల ఫోన్లకి ఈ ఒక్క పని చేసి వెళ్లండి. *#06# నొక్కితే వచ్చే 15 అంకెల ఐఎంఈఐ నంబరు (ఫోన్‌కి గుర్తింపు సంఖ్య) కూడా ఆ పేజీలోనే రాయండి. ఫోన్ పోతే సంచార్ సాథీ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో దాన్ని బ్లాక్ చేయించడానికి కావాల్సింది అదే. రిపేరుకి ఇచ్చేటప్పుడు సిమ్ తీసేసి, డబ్బు పంపే యాప్‌ల నుంచి బయటికొచ్చి ఇవ్వండి.

ఎప్పుడు ఆపాలి

బ్యాటరీ, ఛార్జింగ్ పోర్టు, మైకు, స్పీకర్ బాగుచేయించడం దాదాపు ఎప్పుడూ లాభమే. తెర పోతే ధర అడిగి ఆలోచించాలి. బోర్డు రిపేరు అంటే, ఫోటోలు తీసుకోవడానికి తప్ప, పాత ఫోన్‌కి నేను వద్దంటాను.

ఏ షాపూ బాగుచేయలేనిది ఒకటుంది. కంపెనీ సెక్యూరిటీ అప్‌డేట్లు ఆపేసిన ఫోన్లో ఆ తర్వాత బయటపడే లొసుగులన్నీ తెరిచే ఉంటాయి. సెట్టింగుల్లో అబౌట్ ఫోన్ కింద సెక్యూరిటీ ప్యాచ్ తేదీ కనిపిస్తుంది. అది రెండు మూడేళ్ల వెనకదైతే బ్యాంకు, యూపీఐ యాప్‌లు ఆ ఫోన్ నుంచి తీసేయండి. పాటలకీ, భక్తి వీడియోలకీ, వీడియో కాల్‌కీ వాడుకోవచ్చు.

కీప్యాడ్ ఫోన్ ఇంట్లో ఉంటే మాత్రం పారేయొద్దు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఒక్క ఛార్జింగ్‌తో రోజులు నడిచేది ఆ చిన్న ఫోనే. 2జీ కీప్యాడ్ ఫోన్లో జియో సిమ్ పనిచేయదు కాబట్టి ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్ఎన్ఎల్‌లలో మీ ఊళ్లో ఏది బాగా అందితే ఆ సిమ్ వేసి, రీఛార్జి గడువు దాటకుండా చూసుకోండి. తుపానుల కాలం మొదలయ్యే ముందు, అంటే సెప్టెంబర్‌లోనే, ఒకసారి ఛార్జ్ చేసి కాల్ కలుస్తోందో లేదో చూసి పెట్టుకోండి.